ఆస్టిన్‌లో ఎల్‌బీజే స్కూల్ రోజులు

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో చదువుకున్న రెండేళ్ళూ ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికెళ్ళినా, గుళ్ళో ప్రసాదం లైన్లో ఎవరు పలకరించినా, మీదేవూరు అన్నాక వచ్చే ప్రశ్న ఒకటే. "ఏ బ్రాంచ్?" కంప్యూటర్సా, ఈఈనా, పోనీ మెకానికలా. పబ్లిక్ అఫైర్స్ అని చెప్తే కొందరు "అంటే జర్నలిజమా?" అనేవాళ్ళు, ఇంకొందరు "ఓహో, మన ఐఏఎస్ లాంటిదన్నమాట" అని వాళ్ళే సమాధానం చెప్పేసుకునేవాళ్ళు. ఒకాయన మాత్రం పప్పు వడ్డించుకుంటూ ఆగి "దానికి కూడా వీసాకి ఐ-20 కాగితం ఇస్తారా?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇస్తారు సార్, ఇచ్చారు.

యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో, 1960ల్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్నాయన పేరు మీద, లిండన్ బి. జాన్సన్ స్కూల్ ఆఫ్ పబ్లిక్ అఫైర్స్ అని ఉంటుంది. 1970లో మొదలైంది, అందరూ ఎల్‌బీజే స్కూల్ అంటారు. ప్రభుత్వ శాఖల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పని చేయాలనుకునేవాళ్ళకి రెండేళ్ళ మాస్టర్స్. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, బడ్జెట్, చట్టం ఎలా పుడుతుంది, పుట్టాక ఆఫీసుల్లో దాని గతేమవుతుంది, ఇవీ సబ్జెక్టులు. నేను 2006 ఆగస్టులో చేరి 2008 మేలో బయటికొచ్చాను.

అటెందుకు వెళ్ళానంటే, బీటెక్ సివిల్ అయ్యాక అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో వాటర్‌షెడ్ పనుల్లో చేరాను. చెక్‌డ్యాములు, ఊటకుంటలు, పొలం గట్లు. కొలతలు తీసి ఎస్టిమేట్ వేసేవరకే ఇంజనీరింగ్, అసలు కథ ఆ తర్వాత. పనికి ఆహారం పథకం నడుస్తున్న రోజులవి. కూలీల హాజరు మస్టర్‌లో ఉన్న పేర్లకీ గట్టు మీద కనపడే మనుషులకీ పొంతన ఉండేది కాదు, రాత్రికి రాత్రి పొక్లెయిన్ వచ్చి పని కానిచ్చేసి పోయేది, కూలీలకి రావాల్సిన బియ్యం కూపన్లు ఇంకెవరి జేబులోనో తేలేవి. ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరికీ పెద్ద ఆశ్చర్యం కూడా లేదు. దొంగల్ని తిట్టుకోవడం సరే, అసలు ఈ పథకం రాసినప్పుడే ఇంకోలా రాసుంటే ఇంత తేలిగ్గా తినగలిగేవాళ్ళా అన్నది నా బుర్రలో తిరిగేది. మా దగ్గరికి స్టడీ కోసం వచ్చిన ఒక రీసెర్చర్, ఇలాంటి ప్రశ్నలకి ఏకంగా స్కూళ్ళే ఉన్నాయని చెప్పి నాలుగు పేర్లు రాసిచ్చింది. మ్యాక్స్‌వెల్, హంఫ్రీ, ప్రిన్స్‌టన్, ఎల్‌బీజే.

అమీర్‌పేటలో జీఆర్‌ఈ కోచింగ్‌కి వెళ్ళినప్పుడు అక్కడి కన్సల్టెన్సీలో ఆ కాగితం చూపించాను. ఆయన జాలిగా చూసి "సివిల్ వాళ్ళని కూడా ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌కి మార్చేస్తున్నాం తమ్ముడూ, ఎందుకీ రిస్కు" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన దగ్గరున్న ఫైళ్ళలో ఈ కోర్సు పెట్టినవాడు ఒక్కడూ లేడు. అప్పట్లో జీఆర్‌ఈ 1600కి ఉండేది. మనవాళ్ళకి లెక్కల్లో 800కి 800 రావడం పెద్ద వింత కాదు, ఈ స్కూళ్ళకి మాత్రం వెర్బల్, రాతపరీక్ష కూడా గట్టిగా కావాల్సొచ్చేది. ఎంఎస్‌కి పనికొచ్చే లెక్కలు ఇక్కడ తారుమారు. రిసెర్చి పేపర్ ఉందా అని అడగరు, రెండు మూడేళ్ళు ఎక్కడైనా పనిచేశావా, అక్కడ ఏం చూశావు అని అడుగుతారు.

రికమండేషన్ లెటర్లు మూడు కావాలి. కాలేజీ నుంచి రెండు. అవెలా వస్తాయో మనందరికీ తెలిసిందే, "నువ్వే రాసుకురా, సంతకం పెడతా." మూడోది నాతో ఫీల్డ్‌లో తిరిగిన ఒక ఎంపీడీఓ గారు రాసిచ్చారు. ఆయన ఒప్పుకోలేదు నేను రాస్తానంటే, "నీ గురించి నువ్వు రాసుకుంటే నేనెందుకురా" అని సొంతంగా చేత్తో రాసి, తర్వాత టైప్ కొట్టించారు. "దిస్ ఈజ్ టు సర్టిఫై దట్" అని మొదలుపెట్టి, ఫలానా గ్రామంలో కొలతల పుస్తకం మీద నేను సంతకం పెట్టకుండా మొండికేసిన సంగతి తేదీతో సహా రాశారు. తేదీతో సహా! ఆ రోజు ఆయన నా మీద విసుక్కున్నారు కూడా. నాకు సీటొచ్చిందంటే ఆ ఉత్తరం వల్లేనని నా నమ్మకం.

డిసెంబరు, జనవరిల్లో అప్లికేషన్లు పోతాయి, మార్చిలో జవాబులొస్తాయి, ఏప్రిల్ 15 లోపల వస్తావో రావో చెప్పాలి. ఆ మధ్యలోనే, 2006 ఫిబ్రవరి 2న, మా జిల్లాలోనే నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. మేమంతా వెళ్ళాం. జనంలో వెనకెక్కడో నిలబడి, స్టేజీ కూడా సరిగ్గా కనపడకుండా, పని అడిగితే ఇవ్వకపోవడం ఇకనుంచి చట్టవిరుద్ధం అన్న మాట మైకులో విని, ఇప్పుడు ఈ జిల్లా వదిలి పోవడమేంటని ఒకటే డైలమా. నాయనది ఇంకో రకం టెన్షన్. డబ్బు. ప్రిన్స్‌టన్ లాంటి చోట చేరినవాళ్ళ ఖర్చు దాదాపు మొత్తం ఆ స్కూలే పెట్టుకుంటుంది, కాబట్టి అక్కడ సీటు రావడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు, నాకు రాలేదు. టెక్సస్‌లో ఒక సదుపాయం ఉంది. యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1000 డాలర్లది దొరికితే చాలు, బయటివాళ్ళు కూడా ఆ రాష్ట్రంవాళ్ళు కట్టే ఫీజే కట్టొచ్చు. ఆ చిన్న స్కాలర్‌షిప్పే నాకు పెద్ద స్కాలర్‌షిప్. నాయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని "వెయ్యి ఇచ్చి ఇంత తగ్గిస్తారా, ఇందులో మెలికేమీ లేదు కదా" అన్నాడు. లేదు. చట్టంలో అలా రాసి ఉంది, అంతే.

హైదరాబాద్‌లో అప్పటికి కాన్సులేట్ లేదు, వీసాకి చెన్నై పోవాల్సిందే. జెమినీ ఫ్లైఓవర్ పక్కన తెల్లారకముందే లైను. నా ముందున్న కుర్రాళ్ళందరినీ కోర్సులు, ఫండింగ్ అడిగిన ఆఫీసరు నన్ను మాత్రం "ఇంజనీరింగ్ చదివి ఇదెందుకు?" అని అడిగి, మస్టర్ రోల్స్ సంగతి ఇంకా సగంలో ఉండగానే సరే వెళ్ళమన్నాడు.

ఎల్‌బీజే స్కూల్ ఉండేది సిడ్ రిచర్డ్‌సన్ హాల్ అనే పొడుగాటి బిల్డింగులో. అందం గురించి ఏమీ చెప్పలేను, కాంక్రీటు. పక్కనే జాన్సన్ లైబ్రరీ, పదంతస్తుల తెల్లటి రాతి దిమ్మ, దాదాపు కిటికీలు లేకుండా. 1971 మేలో జాన్సనే దగ్గరుండి ప్రారంభించిన లైబ్రరీ అది. లోపలికెళ్తే నాలుగంతస్తుల ఎత్తున అద్దాల వెనక ఎర్ర అట్టపెట్టెలు, ప్రతి దాని మీదా బంగారు రంగు అధ్యక్ష ముద్ర, అన్నీ ఆయన హయాం నాటి కాగితాలు. అప్పట్లో ప్రవేశం ఉచితం. ఊరి నుంచి ఎవరొచ్చినా నేను తీసుకెళ్ళే మొదటి చోటు అదే, ఖర్చు లేదు, ఏసీ ఉంటుంది, వైట్‌హౌస్ ఓవల్ ఆఫీసు నమూనా కొంచెం తగ్గించి కట్టింది ఉంటుంది, ఫొటోలు దిగొచ్చు. కింద జాన్సన్ బొమ్మ ఒకటి చేతులూపుతూ జోకులు చెప్తుంది. ఆ జోకులు మనకి ఒక్కటీ అర్థం కావు. నవ్వేవాళ్ళని చూసి నవ్వాలి.

మా బ్యాచ్‌లో ఇంజనీరింగ్ చదివొచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పేద దేశాలకి వాలంటీర్లని పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ తరఫున ఆఫ్రికాలో రెండేళ్ళు చేసొచ్చినవాళ్ళు, మెక్సికో సరిహద్దు ఊళ్ళలో బడిపిల్లలకి చదువు చెప్పినవాళ్ళు, ఇరాక్ వెళ్ళొచ్చిన ఒక ఆర్మీ కెప్టెన్, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక చదువుకోవడానికొచ్చిన ఒకావిడ. అప్పట్లో డీన్ జేమ్స్ స్టైన్‌బర్గ్, క్లింటన్ హయాంలో జాతీయ భద్రత డిప్యూటీ సలహాదారు. కారిడార్‌లో ఎదురయ్యే పెద్దాయన అడ్మిరల్ బాబీ ఇన్‌మన్, ఒకప్పుడు ఎన్‌ఎస్‌ఏ అనే అమెరికా నిఘా సంస్థకి డైరెక్టర్. పాతవాళ్ళు మాత్రం ఎక్కువగా తలుచుకునేది బార్బరా జోర్డన్‌ని. అధ్యక్షుడు నిక్సన్ అభిశంసన విచారణ అప్పుడు 1974లో రాజ్యాంగం గురించి మాట్లాడి దేశం మొత్తాన్ని టీవీల ముందు కూర్చోబెట్టిన టెక్సస్ కాంగ్రెస్ సభ్యురాలు. రాజకీయాలు వదిలేశాక 1979 నుంచి 1996లో చనిపోయేదాకా ఇక్కడే పాఠం చెప్పింది, చివరి ఏళ్ళు వీల్‌చెయిర్‌లో. ఆవిడ క్లాసులో ప్రిపేర్ కాకుండా కూర్చోవడం అంటే ఏంటో సెక్రటరీలు కూడా చెప్పేవాళ్ళు.

క్లాసులు మొదలవకముందే లెక్కల రిఫ్రెషర్ ఒకటి పెట్టారు. అంత ధాటిగా మాట్లాడే జనం డెరివేటివ్ అనగానే నీళ్ళు నమలడం చూసి, అమ్మయ్య, మనకీ ఒక చోటుంది అనుకున్నాను. అక్కడే ఒక ఒప్పందం కుదిరింది. నేను వాళ్ళకి రిగ్రెషన్ లెక్కలు, స్టాటా అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ నేర్పాలి, వాళ్ళు నా మెమోలు దిద్దిపెట్టాలి.

మెమో అంటే ఏంటో కాస్త వివరంగా చెప్పాలి. మనం చదువుకున్న పద్ధతిలో అడిషనల్ షీట్లు ఎన్ని కట్టావన్నది ముఖ్యం. నిర్వచనం, చరిత్ర, ప్రయోజనాలు, నష్టాలు, ఉపసంహారం. అక్కడ మొదటి అసైన్‌మెంట్: నువ్వు ఒక సెనేటర్ దగ్గర పని చేస్తున్నావు, ఆవిడ లిఫ్టు దిగి ఓటెయ్యడానికి వెళ్తోంది, ఒక్క పేజీలో చెప్పు. నేను నాలుగు పేజీలు రాసి, మార్జిన్లు తగ్గించి, ఫాంటు తగ్గించి రెండు పేజీల్లో కుక్కాను. తిరిగొచ్చిన కాగితం మీద ప్రొఫెసర్ పెన్సిల్‌తో మొదటి రెండు పేరాల చుట్టూ గీత గీసి "ఇది ఆవిడకి తెలుసు" అని రాశాడు. మూడో పేరా పక్కన "ఇది ఆవిడకి అక్కర్లేదు". చివరి పేరాలో రెండో వాక్యం కింద గీత కొట్టి "ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు." ముందు ఏం చెయ్యాలో చెప్పు, తర్వాత ఎందుకో చెప్పు, ఎవరికి నష్టమో దాచకు, ఎంత ఖర్చో చెప్పు, ఆపెయ్. అడుగున మూడు గీతలుండాలి: ఆమోదం, తిరస్కారం, వచ్చి మాట్లాడు. చదివిన మనిషి పెన్ను తీసి టిక్కు పెట్టగలగాలి. ఆ టిక్కు గీతలు జాన్సన్ వైట్‌హౌస్ కాగితాల మీద కూడా అచ్చం అలాగే ఉండేవని చెప్పారు. అప్పటికి వినేసి ఊరుకున్నాను.

రూమ్ సంగతి. నేనుండేది ఊరికి ఉత్తరాన ఫార్ వెస్ట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో, మిగతా ముగ్గురూ మనవాళ్ళే, ముగ్గురూ ఎంఎస్. వంట టర్నులు, హెచ్‌ఈబీ సూపర్‌మార్కెట్ నుంచి సంచులు మోసుకుంటూ షటిల్ బస్సు, అర్ధరాత్రి పులిహోర. మొదటి సెమిస్టర్‌లో వాళ్ళు ప్రోగ్రామ్ రన్ అయితే నిద్రపోయేవాళ్ళు, నాకేమో ఎంత రాసినా పూర్తయినట్టుండేది కాదు. "రోజుకి రెండొందల పేజీలు చదివి ఒక పేజీ రాస్తాడు, ఏం కోర్సురా ఇది" అని నన్ను వచ్చినవాళ్ళందరికీ పరిచయం చేసేవాళ్ళు. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే మా స్కూల్ వైపు పోవడం కుదరదు. స్టేడియం పక్కనే, లైబ్రరీ ముందున్న గడ్డి మీదంతా నారింజ చొక్కాలు, పొయ్యిలు, బీరు. మేము స్టాటా ల్యాబులో కూర్చుంటే పాయింటు పడ్డప్పుడల్లా స్మోకీ అనే ఫిరంగి పేలేది. నేను చేరిన సెప్టెంబర్‌లోనే, దేశంలో మొదటి ర్యాంకు ఒహాయో స్టేట్ వచ్చి రెండో ర్యాంకు టెక్సస్‌ని ఆస్టిన్‌లోనే ఓడించి పోయింది. ఆ రాత్రి బస్సులో ఎవరూ మాట్లాడలేదు. నేను రూల్సు కూడా తెలియకుండానే బాధపడ్డాను.

2007 జనవరి వచ్చేసరికి చదువు క్లాసులోంచి బయటికి నడిచింది. టెక్సస్ శాసనసభ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరాల్లో మాత్రమే, 140 రోజులు కూర్చుంటుంది. సభ్యుల జీతం నెలకి 600 డాలర్లు. ఆ 140 రోజుల్లో వేల బిల్లులు. మా వాళ్ళు సగంమంది అక్కడే ఆఫీసుల్లో చేరారు, మిగతావాళ్ళం క్లాసు కోసం తలా ఒక బిల్లు వెంట పడ్డాం. కాపిటల్ భవనం లేత ఎర్ర గ్రానైటుది, 1888 నాటిది. మా స్కూల్ నుంచి ఎండలో నడిస్తే చెమట పట్టేంత దూరం. అప్పట్లో గేటు దగ్గర నువ్వెవరని అడిగేవాడు లేడు. నేరుగా లోపలికెళ్ళి కమిటీ రూములో కూర్చోవచ్చు, కార్డు మీద పేరు రాసిస్తే పిలిచి మాట్లాడనిస్తారు. ఎమ్మెల్యే ఇంటి ముందు అర్జీ పట్టుకుని నిలబడే జనాన్ని చూసి పెరిగినవాణ్ణి, నాకిది మామూలు విషయం కాదు. ఆ ఫిబ్రవరిలోనే గవర్నర్ రిక్ పెర్రీ ఆరో తరగతి ఆడపిల్లలందరికీ హెచ్‌పీవీ టీకా వేయాలని ఆర్డర్ ఇచ్చేశాడు, సభని అడక్కుండా. ఇక చూడండి. డాక్టర్లు, తల్లులు, చర్చి మనుషులు, క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళు, రోజంతా సాక్ష్యాలు. టీకా మంచిదేనన్న సభ్యులు కూడా మమ్మల్ని అడక్కుండా ఎలా ఇస్తావని ఎదురుతిరిగారు. చివరికి సభ బిల్లు పెట్టి ఆ ఆర్డర్‌ని ఆపేసింది, గవర్నర్ సంతకం పెట్టకపోయినా అది చట్టమైంది. మంచి పని, తప్పుడు దారి, దానివల్ల మంచి పనే ఆగిపోవడం. దాని మీద నేను రాసిన మెమో ఒక పేజీకే సరిపోయింది.

పీఆర్‌పీ అని ఇంకోటుంది, పాలసీ రిసెర్చ్ ప్రాజెక్ట్. ఒక నిజమైన సంస్థ కోసం ఏడాది పొడుగునా పదిహేను ఇరవై మంది కలిసి చేసే స్టడీ. మాది మెక్సికో సరిహద్దులో కొలోనియాలు అనే పేద బస్తీల్లో నీళ్ళ మీద. ఎందుకూ పనికిరాని, వానొస్తే మునిగే పొలాల్ని ముక్కలు చేసి, రోడ్డు లేకుండా, కొళాయి లేకుండా, మురుగు కాలువ లేకుండా పేద మెక్సికన్ కుటుంబాలకి వాయిదాల మీద అమ్మేశారు. చివరి వాయిదా కట్టేదాకా రిజిస్ట్రేషన్ లేదు, మధ్యలో తప్పితే ఇల్లూ పోయె, కట్టిన డబ్బూ పోయె. ఇలాంటి బస్తీలకి నీళ్ళివ్వడానికి 1989లోనే రాష్ట్రం ఒక పథకం పెట్టింది. పథకం ఉన్నా ఇంకా నీళ్ళు రానివి ఎందుకున్నాయన్నది మా ప్రశ్న.

వ్యాన్‌లో హిడాల్గో కౌంటీకి పోయాం. ఒక ఇంటి ముందు నీలం డ్రమ్ములు మూడు, మూతల మీద రాళ్ళు, పక్కన గ్యాలన్ డబ్బాలు వరసగా. ఇంటావిడ స్పానిష్‌లో చెప్తుంటే మా క్లాస్‌మేట్ ఇంగ్లీషులోకి చెప్పింది: డ్రమ్ముల నీళ్ళు వాడుకోవడానికి, తాగడానికి మాత్రం మెషిన్ దగ్గర గ్యాలన్ లెక్కన కొనుక్కుంటారు. నాకు అనువాదం అక్కర్లేకపోయింది. ఏ డ్రమ్ములో ఏ పూట నీళ్ళు తీయాలో, పిల్లలు ఏ డబ్బా ముట్టుకుంటే దెబ్బలు పడతాయో నాకు తెలుసు. నేను డ్రమ్ము లోపల పాచి గీత ఎక్కడిదాకా ఉందో చూసి, ట్యాంకర్ ఎన్నాళ్ళకోసారి వస్తుందని అడిగితే, ఆవిడ మొదటిసారి నావైపు తిరిగి, ఇతనిది ఏ ఊరని అడిగింది. అమెరికా వచ్చి తొలిసారి నా ఊరి పేరు అవసరమైన చోట చెప్పినట్టనిపించింది. వద్దన్నా వినకుండా తమాలేలు పెట్టింది. మొక్కజొన్న పొత్తి ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించినవి, నాకు కూరగాయలవి వేరే వెతికి మరీ.

తిరుగు దారిలో ఫాల్‌ఫూరియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళకి కాదు, దేశం లోపలే, వంద కిలోమీటర్లకి పైగా ఇవతల. ప్రతి ఒక్కరినీ సిటిజెనా అని అడుగుతారు. వ్యాన్‌లో వరసగా అవును, అవును అంటూ వచ్చి నా దగ్గర ఆగింది. పాస్‌పోర్టు, ఐ-20 ఇచ్చాను, అతను మర్యాదగానే చూసి ఇచ్చేశాడు. అప్పటిదాకా నీటి హక్కుల మీద గొంతు చించుకున్న వ్యాన్ మొత్తం ఆస్టిన్ దాకా నిశ్శబ్దం. పొద్దున మేము కలిసినావిడకి అలాంటి కాగితాలు ఉన్నాయో లేదో మేమెవరమూ అడగలేదు. పెద్ద ఆసుపత్రికి పోవాలన్నా ఇదే రోడ్డు మీద రావాలి కదా అని కెప్టెన్ ఒక్కడే అన్నాడు. రిపోర్టులో ఆ మాటకి ఎక్కడా చోటు దొరకలేదు, మాది నీళ్ళ రిపోర్టు.

ఆ వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి ఆస్టిన్‌లోనే ఉన్నాను. జులై 11న జాన్సన్ భార్య లేడీ బర్డ్ చనిపోయింది, 94 ఏళ్ళు. లైబ్రరీలో ఉంచితే జనం రాత్రిపూట కూడా వస్తూనే ఉన్నారు. మార్చి, ఏప్రిల్‌లో టెక్సస్ హైవేల పక్కన నీలంగా పూసే బ్లూబోనెట్లన్నీ ఆవిడ చలవే అన్నట్టు మాట్లాడుకునేవాళ్ళు.

రెండో ఏడాది సొంతంగా ఒక రిపోర్టు రాయాలి. నేను ఆహార సాయం తీసుకున్నాను, ఎందుకంటే కాగితాలన్నీ పక్క బిల్డింగులోనే ఉన్నాయి. పదో అంతస్తులో రీడింగ్ రూము, పెన్ను తీసుకెళ్ళకూడదు, పెన్సిలే, ఒకసారికి ఒకే ఫోల్డర్. 1965, 66ల్లో వానలు లేక మన దేశం అమెరికా గోధుమల మీద ఆధారపడిన సంగతి పాఠాల్లో చదివిందే. జాన్సన్ ఏడాదికోసారి ఒప్పందం చేసుకోవడం ఆపేసి, నెలకో రెండు నెలలకో సరిపడా మాత్రమే ఓడలు వదిలేవాడని, ప్రతి విడతా తనే చూసి ఒప్పుకోవాలన్నాడని కాగితాల్లో చూస్తేగానీ ఎక్కలేదు. వ్యవసాయం మీద ఇండియా శ్రద్ధ పెట్టాలన్నది ఒక కారణం, వియత్నాం యుద్ధాన్ని మనవాళ్ళు విమర్శించడం ఇంకో మంట. ఢిల్లీ నుంచి రాయబారి చెస్టర్ బౌల్స్ తొందర పెడుతూ పంపిన టెలిగ్రాములు. సలహాదారుల మెమోలు, ఒకటి రెండు పేజీలవి, చక్కగా ముందే సిఫార్సు. అడుగున గీతలు: ఆమోదం, తిరస్కారం, వచ్చి మాట్లాడు.

ఆ ఆదివారం కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసి అవ్వని అడిగాను, అమెరికా గోధుమలు గుర్తున్నాయా అని.

"ఆ ఎర్ర గోదుమలా? ఏల గుర్తులేవు. విసిరి సంగటి చేస్తే ముద్ద నిలబడేది కాదు, గంజి కాసుకుని తాగినాం. తెల్లారకముందే స్టోరుకాడ చెంబులు వరస పెడ్తాంటిమి. ఒగ నెల వచ్చేవి, ఇంగో నెల లేదు పోమ్మా అనేటోళ్ళు."

"ఆ పంపినాయన పేరు మీదే అవ్వా, నేను చదివే బడి."

కాసేపు లైన్లో గరగర. "మల్ల ఒక్కతూరి పంపక నెలనెలా ఏల పంపినాడంట?"

వియత్నాం అదీ చెప్పబోయాను. ఆమె అప్పటికే ఫోను అమ్మకిచ్చేసింది.

ఇంకోవైపు, 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా విగ్రహం కింద కూర్చుని వలస చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే. అంతకుముందు ఇండియా నుంచి ఏడాదికి వందమందికి మాత్రమే స్థిరపడే కోటా. ఆ సంతకం లేకపోతే ఆస్టిన్‌లో నన్ను బ్రాంచ్ అడగడానికి అంతమంది తెలుగువాళ్ళే ఉండేవాళ్ళు కాదు. రిపోర్టులో ఈ రెండూ పక్కపక్కన పెడదామంటే, ఒకటి ఆహారం, ఒకటి వలస, వేరువేరు సబ్జెక్టులని గైడు ఒప్పుకోలేదు. నాకు మాత్రం అవి ఒకే ఇంట్లో సంగతులు.

2008 ఫిబ్రవరి 21న ఒబామా, హిల్లరీ డిబేట్ మా క్యాంపస్‌లోనే జరిగింది. టికెట్లు దొరికింది బహు కొద్దిమందికి, మేము నాలుగడుగుల దూరంలో జరుగుతున్నదాన్ని టీవీలో చూశాం. అధ్యక్ష ఎన్నికల్లో పార్టీ తరఫున ఈ ఇద్దరిలో ఎవరు నిలబడాలో తేల్చడానికి టెక్సస్‌లో అప్పట్లో డెమొక్రాట్లది విచిత్రమైన పద్ధతి. మార్చి 4న పగలు ఓటెయ్యాలి, రాత్రి మళ్ళీ అదే బూత్‌కొచ్చి ఎవరి వైపో సంతకం పెట్టాలి, అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల్లో, అంటే డెలిగేట్లలో, మూడో వంతు ఆ సంతకాల లెక్క మీద. ఓటు లేని నేను ఊరికే చూద్దామని క్లాస్‌మేట్లతో వెళ్ళాను. ఊహించనంత జనం, సంతకాల కాగితాలు అయిపోయాయి, ఎవరో నోట్‌బుక్ చింపి గళ్ళు గీస్తున్నారు. మన దగ్గరైతే ఏజెంట్లు గొడవకి దిగేవాళ్ళు. ఓట్లు హిల్లరీకి ఎక్కువొచ్చాయి, డెలిగేట్లు మొత్తం మీద ఒబామాకి ఎక్కువొచ్చాయి. దీన్ని రూమ్‌మేట్లకి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక రాత్రి పట్టింది.

ఉద్యోగాల దగ్గరికొచ్చేసరికి తేడా తెలిసింది. ఫెడరల్ ఉద్యోగాలకి పౌరసత్వం కావాలి, మావాళ్ళు వరసపెట్టి వాషింగ్టన్ వెళ్తుంటే నేను చప్పట్లు కొట్టాను. ఆ ఏప్రిల్‌లోనే సైన్సు, ఇంజనీరింగ్ వాళ్ళకి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసుకునే అనుమతి, 17 నెలలు పెంచారు, మా రూమ్‌లో ముగ్గురికి పండగ, నాకు మాత్రం పాత 12 నెలలే. ఆ ఏడాది ఆస్టిన్‌లోనే ఒక చిన్న సంస్థలో నీళ్ళ మీద పనిచేశాను. సెప్టెంబర్‌లో లీమన్ బ్రదర్స్ బ్యాంకు పడిపోయింది, కొత్తగా తీసుకునేవాడే లేడు, 2009లో వచ్చేశాను. బాధగా ఏమీ లేదు. ఉపాధి హామీ అప్పటికి మూడేళ్ళ పిల్ల, చేయడానికి బోలెడు పని.

చివరి సెమిస్టర్‌లో అడ్మిట్ వచ్చినవాళ్ళకి ఫోన్ చేసి డౌట్లు తీర్చే పని ఒకటి చేశాను, అది ఇప్పటికీ వదల్లేదు. ఎవరో ఒకరు నంబరు పట్టుకుని అడుగుతూనే ఉంటారు. ఫీజు సంగతి, ఏ చోట ఎంత తగ్గుతుందన్నది ముందు కనుక్కోమంటాను, లోను మొత్తం నెత్తినేసుకుని వెళ్తే ఈ జీతాలతో తీర్చడం కష్టం. మొన్న ఒకమ్మాయి, మా జిల్లానే, డ్వాక్రా సంఘాలతో చాలాకాలం పనిచేసింది, తన ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు ఎందుకో చెప్తూ అప్లికేషన్‌తో పెట్టే వ్యాసం, పంపింది. మొదటి పేరాలో గాంధీ, రెండో పేరాలో అంబేడ్కర్, చిన్నప్పటినుంచీ సేవ చేయాలన్న తపన. మూడో పేజీలో ఎక్కడో, ఒక సంఘానికి బ్యాంకు లోను ఒకే ఒక్క సభ్యురాలి పాత బాకీ వల్ల ఎలా ఆగిపోయిందో రెండు లైన్లు. ఇక్కణ్ణుంచి మొదలుపెట్టమ్మా, పైదంతా తీసెయ్ అన్నాను. కోపమొచ్చినట్టుంది, కొన్నాళ్ళు పలకలేదు. తర్వాత కొత్త డ్రాఫ్టు వచ్చింది. లోను సంగతి మొదటికొచ్చింది, బాగుంది. గాంధీ ఇంకా ఉన్నాడు, చివరి పేరాకి మారాడు.